మా పాఠం ఎవరైనా కూర్చుని చూడాలి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను వరంగల్‌లో బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను. 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనల ప్రకారం మా ఇంటర్న్‌షిప్ 20 వారాలు. అందులో 16 ఈ ఏడాదిలోనే. నన్ను పంపిన బడిలో లెక్కల సారు డిప్యుటేషన్ మీద వెళ్లారు. మొదటి రోజే ఏడో తరగతి నా చేతిలో పెట్టారు.

భిన్నాల కూడిక చెప్తుంటే, "టీచర్, కింది అంకెలు ఎందుకు కూడొద్దు?" అని మూడో వరసలో పాప అడిగింది. బోర్డు మీద రొట్టె గీసి చూపించాను. తలూపింది. నోట్‌బుక్‌లో మాత్రం 1/2 + 1/3 = 2/5 అనే రాసింది. నేనెక్కడ తప్పు చెప్పానో చెప్పేవాళ్లు లేరు. లెసన్ ప్లాన్ రికార్డులో సంతకాలు మాత్రం అన్నీ ఉన్నాయి.

పీరియడ్లు ఎన్ని ఇచ్చినా చెప్తాను, పిల్లలంటే నాకు ప్రాణం. వారానికి మా పాఠాలు రెండైనా ఒక సీనియర్ టీచర్ వచ్చి, వెనక బెంచీలో కూర్చుని చూసేలా ఆదేశాలివ్వండి. సోమవారం మళ్లీ భిన్నాలే చెప్పాలి.

ఇట్లు,
ఒక ఛాత్రోపాధ్యాయిని