పాత బైకుల జెట్ నంబర్లు బయటపెట్టాలి

సంపాదకులకు,

ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల పాత బైకుల మైలేజీ పడిపోతోందని పాఠకులు రాస్తున్న లేఖలను మీ పత్రికలో చూస్తున్నాను. ఆ ఫిర్యాదులో నిజం ఉంది. అయితే మైలేజీ తగ్గిందంటూ బండి తెచ్చిన యజమాని సంతృప్తి కోసం చాలా షెడ్లలో గాలిని, పెట్రోలును కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్ స్క్రూను తిప్పి మిశ్రమాన్ని పలచన చేస్తున్నారు, అంటే అందులో పెట్రోలు పాలు తగ్గిస్తున్నారు. అంతటితో ఆగకుండా, పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్కయిన జెట్లలో ముఖ్యమైన మెయిన్ జెట్‌ను తీసి చిన్న నంబరుది బిగిస్తున్నారు. ఈ పరిస్థితిలో ఆ రెండూ ఇంజిన్‌కు చేటు చేసే పనులేనని, మోటారు మెకానిజం బోధించినవాడిగా చెప్పదలచుకున్నాను.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కన్నా సుమారు మూడో వంతు తక్కువ కాబట్టి, ఇరవై శాతం కలిపినప్పుడు లీటరుకు 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. ఆ మేరకు మైలేజీ తగ్గడానికి కార్బురేటర్‌ను తప్పుపట్టి లాభం లేదు. అసలు చిక్కు మరొకటి ఉంది. ఇథనాల్ తనలోనే ఆక్సిజన్‌ను మోసుకొస్తుంది. కిలో శుద్ధ పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమ ఇంధనానికి 13.5 కిలోలు చాలు. అంటే పాత పెట్రోలుకు సరిపడేలా అమర్చిన జెట్టే ఇప్పుడు ఇంజిన్‌కు పలచని మిశ్రమాన్ని అందిస్తోంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని కొత్త బైకులకూ కార్బురేటర్ బదులు ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. వాటిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటే అది ఈ తేడాను కనిపెట్టి ఇంధనాన్ని సరిచేయిస్తుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, ఇత్తడి జెట్‌లోని రంధ్రం ఎంత ఉంటే అంతే. అలాంటి బండిలో మైలేజీ కోసం జెట్‌ను ఇంకా చిన్నది చేస్తే పికప్ తగ్గుతుంది, పొద్దున్నే స్టార్టింగ్ మొండికేస్తుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ-స్ట్రోక్ బండి అయితే పిస్టన్ పట్టేసే ప్రమాదమూ ఉంది.

ఏ జెట్ ఎప్పుడు పనిచేస్తుందో తెలియకపోవడమే ఈ తప్పులకు మూలమని నా అభిప్రాయం. ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడవడం) నుంచి యాక్సిలరేటర్ పావు వంతు తెరిచేదాకా, తక్కువ వేగానికి పెట్రోలు ఇచ్చే చిన్న జెట్ అయిన స్లో జెట్‌దే పెత్తనం. పావు నుంచి ముప్పావు వరకు పెట్రోలు ఎంత రావాలో యాక్సిలరేటర్‌తో పాటు పైకి లేచే సూది లాంటి నీడిల్, దాన్ని పట్టి ఉంచే లాక్ ఏ గాడిలో ఉందన్నది నిర్ణయిస్తాయి. ముప్పావు దాటాకే మెయిన్ జెట్ పరిమాణం నిజంగా లెక్కలోకి వస్తుంది. పట్టణంలో నలభై వేగంతో తిరిగే బండికి మెయిన్ జెట్ మార్చి మైలేజీ రాబట్టాలనుకోవడం ఎంత వృథాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. అలాగే ఘాట్ ఎక్కేటప్పుడు ప్రతి వెయ్యి మీటర్లకు గాలి సాంద్రత దాదాపు పది శాతం తగ్గి మిశ్రమం కాస్త చిక్కబడుతుంది, అంటే అందులో పెట్రోలు పాలు పెరుగుతుంది కానీ, లంబసింగి దాకా వెళ్లి రావడానికి జెట్ మార్చనక్కర్లేదు.

జెట్‌లో చెత్త చేరితే తీగతోనో పిన్నీసుతోనో పొడవడం మరో పాత అలవాటు. ఇత్తడి మెత్తని లోహం. కొన్ని కంపెనీల జెట్లపై ఉండే నంబరు రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కన చెబుతుంది. 35 నంబరు స్లో జెట్ అంటే 0.35 మిల్లీమీటర్లు. అది 0.38 అయ్యేలా రుద్దితే, అంటే వెంట్రుక మందం కూడా లేని తేడా వస్తే, రంధ్రం వైశాల్యం దాదాపు 18 శాతం పెరుగుతుంది. అప్పటి నుంచి ఆ జెట్ మీది నంబరు అబద్ధం చెబుతుంది. కార్బురేటర్ క్లీనర్ చల్లి గాలి కొడితే సరిపోయే పని అది. అన్ని కంపెనీలూ ఒకే లెక్క పాటించవు, కొన్ని జెట్ల నంబరు నిమిషానికి ప్రవహించే ఇంధనాన్ని సూచిస్తుంది. అందువల్ల నంబరు కలిసిందని ఒక కంపెనీ కార్బురేటర్‌లో మరో కంపెనీ జెట్ వేయడం సరికాదు.

స్క్రూ విషయంలోనూ ఇదే గందరగోళం. అది ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే ఎయిర్ స్క్రూ, బిగించేకొద్దీ గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది ఇంధనాన్ని నియంత్రించే స్క్రూ, బిగిస్తే పలచబడుతుంది. ఏది ఏ వైపుందో చూడకుండా ‘ఒకటిన్నర చుట్టు’ అని అన్ని బళ్లకూ ఒకే మంత్రం చదవకూడదు. వేడెక్కిన ఇంజిన్‌కు మిశ్రమాన్ని చిక్కబరిచే చోక్ కొద్దిగా వేసినప్పుడు నడక మెరుగైతే మిశ్రమం పలచగా ఉందని గ్రహించవచ్చు. మిశ్రమాన్ని అంచనా వేయడానికి స్పార్క్ ప్లగ్ రంగు చూసేవారు మరో సంగతి గమనించాలి. షెడ్డు దాకా ఐడ్లింగ్‌లో వచ్చిన బండి ప్లగ్ స్లో జెట్ సంగతే చెబుతుంది. మెయిన్ జెట్ సంగతి తెలియాలంటే ఖాళీ రోడ్డుపై పూర్తి యాక్సిలరేటర్‌లో నడిపి, క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపి, అక్కడే విప్పి చూడాలి. లేత కాఫీ రంగు మంచిది, తెల్లబడితే పలచన, మసి పడితే చిక్కన. కాలుష్య తనిఖీలోనూ పొగను ఐడ్లింగ్‌లోనే కొలుస్తారు కాబట్టి, ఆ ధ్రువపత్రం మెయిన్ జెట్ గురించి ఏమీ చెప్పదు.

మిశ్రమం నిజంగా పలచబడిందని ఇలా తేలాక నీడిల్‌ను ఒక గాడి పైకి లేపి చూడాలి. అప్పటికీ పూర్తి వేగంలో తేడా ఉంటేనే ఒక మెట్టు పెద్ద మెయిన్ జెట్ వేయాలి. ఇది చేయాలంటే ఆ మోడల్‌కు కంపెనీ మొదట అమర్చిన నంబర్లు మెకానిక్‌కు తెలియాలి. అవి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నా, వీధి షెడ్డుకు చేరడం లేదు. తయారీదారులు పాత మోడళ్ల జెట్ నంబర్లను, కొత్త ఇంధనానికి తగిన సవరణ ఏదైనా ఉంటే దాన్నీ తెలుగులో ముద్రించి, అసలు జెట్లతో పాటు విడిభాగాల దుకాణాలకు పంపేలా రెండు రాష్ట్రాల రవాణా శాఖలు చొరవ తీసుకోవాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఐటీఐ విశ్రాంత బోధకుడు,
రాజమహేంద్రవరం