బుజ్జీ, టోకెన్ డబ్బులు మాత్రం కొట్టకు

బుజ్జీ,

రాత్రి పదకొండున్నరకి ఆ సెకండ్ హ్యాండ్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైకువి ఐదు ఫోటోలు పంపి, కింద "నాన్నా, రేపు పొద్దున్నే టోకెన్ కొట్టేయనా, వేరేవాళ్లు కూడా అడుగుతున్నారట" అని పెడితే నాకు నిద్రెలా పడుతుంది చెప్పు. ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలో "సరే నాన్నా, సరే నాన్నా" అంటావు, నేను అసలు సంగతి మర్చిపోతాను, అందుకని రాస్తున్నాను. మొత్తం చదివాక ఫోన్ చెయ్యి. ఈలోగా ఆ హైదరాబాద్ కుర్రాడికి ఒక్క రూపాయి పంపకు. వేరేవాళ్లు కొనుక్కుంటే కొనుక్కోనీ.

నువ్వు బండి కొనడం నాకిష్టమే, అందులో అనుమానం పెట్టుకోకు. మొన్న మీ పెద్దత్త ఫోన్ చేసి "ఆడపిల్లకి అంతంత బండెందుకురా" అంటే, "తేలికైనదే చూస్తున్నాలే అక్కా" అన్నాను. వేళాకోళం అనుకుంది. కాదు, నిజంగానే అన్నాను.

హిమాలయన్ మంచి బండే. 411 సీసీ ఇంజను, తక్కువ స్పీడులోనే లాగుతుంది, ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది, ముందు 21 అంగుళాల చక్రం కాబట్టి గుంతల్ని లెక్క చెయ్యదు, సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే కాబట్టి నీ అయిదడుగుల మూడంగుళాలకి కాళ్లు కూడా బాగానే అందుతాయి. అయితే నువ్వు పంపినది 2018 బండి. ఏ నెలదో అడిగావా? హిమాలయన్‌కి ఏబీఎస్, అదే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది, వచ్చింది ఆ ఏడాది రెండో సగంలో. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. 2018 అనగానే ఏబీఎస్ ఉంటుందనుకోవద్దు, ముందు చక్రం దగ్గర డిస్కుతో పాటు చిన్న చిల్లుల రింగు ఒకటి ఉండాలి, ఆ ఫోటో పంపమను. పంపించిన ఐదు ఫోటోల్లోనూ ట్యాంకే ఉంది. ట్యాంకు అందరూ తుడుస్తారమ్మా.

ఇంకోటి, అది టీఎస్ నెంబరు. జూన్‌లో నువ్వు మన విశాఖకి, మధురవాడ ఆఫీసుకి వచ్చేస్తున్నావు కదా. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే ఇక్కడి నెంబరు వేయించాలి, దానికి ముందు అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తేవాలి, అంటే వాళ్లకి అభ్యంతరం లేదన్న కాగితం, ఫారం 28 అంటారు, ఆ తర్వాత ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గిస్తారు గానీ అక్కడ మొదటి ఓనరు కట్టింది ఇక్కడ చెల్లదు. పది వేలు తక్కువకి దొరికిందని సంబరపడి తెచ్చుకుంటే ఆ పదీ ఇక్కడే పోతాయి, నువ్వు ఆఫీసుకి పెట్టే సెలవులు అదనం. మన ఏపీ బండే చూద్దాం. 31 మన విశాఖ పాత నెంబరు, 2019లో రాష్ట్రమంతా 39 చేసేశారు కాబట్టి 39 చూసి మన ఊరిదే అనుకోకు, అది కర్నూలులో తిరిగిందైనా కావచ్చు. నిజానికి కర్నూలు బండైతే నేను ఇంకా సంతోషిస్తాను. ఎందుకో చెప్తాను.

పోయిన ఆదివారం నీకు చెప్పకుండా లాసన్స్ బే కాలనీలో ఒక హిమాలయన్ చూసొచ్చాను. సముద్రం కనిపించే అపార్టుమెంటు, 2019 బండి, 17 వేల రీడింగు, ఒక్క గీత లేదు. కుర్రాడు మర్యాదస్తుడు, టీ కూడా ఇప్పించాడు. నేను బండి పక్కన నేల మీద చతికిలబడి కూర్చుంటే పాపం కంగారుపడ్డాడు. స్పోకుల మొదళ్లన్నీ ఎర్రగా ఉన్నాయి. ముందు ఫోర్కు గొట్టాల మీద గోరు పెట్టి గీస్తే గరగరమంది, అంటే తుప్పు గుంటలు పడ్డాయన్న మాట, ఆ గుంటలు ఆయిల్ సీలుని కోసేస్తాయి, సీలు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ కారుతుంది. సీటు తీయమన్నాను. వైర్ల జాయింట్లలో పచ్చగా చిలుము. వెనక చక్రం పట్టుకునే ఇనుప చేతి లోపల వేలు పెడితే ఇసుక వచ్చింది. నేను ఏమీ అనలేదు, "బాగా తిరిగావా బాబూ" అన్నానంతే, వాడే ఫోన్ తీసి భీమిలి వైపు కెరటాల్లోకి బండి దింపిన వీడియో గొప్పగా చూపించాడు. నీళ్లు సగం చక్రం దాకా ఉన్నాయి. వెనకాల పాట కూడా పెట్టాడు.

షిప్‌యార్డులో ముప్ఫై రెండేళ్లు ఈ తుప్పుతోనే కాపురం చేశాను నేను. గ్రిట్ బ్లాస్టింగ్ చేసిన, అంటే గరుకు రవ్వలు జోరుగా కొట్టి తుప్పు రాల్చిన ప్లేటు వెండిలా మెరుస్తూ ఉంటుంది, ఆ పూటే ప్రైమర్ కొట్టకపోతే సాయంత్రానికి ఎర్రబడిపోయేది, అదీ నీళ్లు తగలకుండా, ఒట్టి గాలికే. సముద్రపు నీళ్లు ఆరిపోయినా ఉప్పు ఎక్కడికీ పోదు, గాలిలో తేమ లాక్కుంటూ లోపల్లోపల తింటూనే ఉంటుంది. అందుకే మన ఊళ్లో సెకండ్ హ్యాండ్ బండికి రీడింగు కన్నా, మోడల్ సంవత్సరం కన్నా, అది ఏ రోడ్డులో ఏ షెడ్డు కింద పడుకుందో ముందు అడగాలి. బీచ్ రోడ్డులో 17 వేలు తిరిగిన బండి కన్నా పెందుర్తిలో 34 వేలు తిరిగింది నయం. సముద్రం లేని కర్నూలు బండైతే ఇంకా సంతోషమన్నది అందుకే.

పెందుర్తి అని ఊరికే అనలేదు, అక్కడ ఒకటి చూశాను. దాని సంగతికి ముందు పరుపు కథ చెప్పాలి.

మన వీధి చివర కుర్రాడి దగ్గర హిమాలయన్ ఉంది కదా, వాణ్ని బతిమాలి మన వాకిట్లో పాత పరుపు పరిచి దాని మీద బండిని పడుకోబెట్టించాను. వాడు ముందు నవ్వాడు, తర్వాత భయపడ్డాడు, అమ్మ అయితే నాకు మతి పోయిందనే అనుకుంది. లేపాలని చూశాను. మోడల్‌ని బట్టి 190 నుంచి 199 కిలోల దాకా ఉంటుంది ఆ బండి. మొదటిసారి కదల్లేదు. రెండోసారి పద్ధతిగా చేశాను, గేరులో పెట్టి, హ్యాండిల్ పూర్తిగా తిప్పేసి, సీటుకి వీపు ఆనించి గొంతుకూర్చుని, నడుము వంచకుండా తొడల బలంతో వెనక్కి అడుగులేస్తూ నెడితే లేచింది. లేచాక పది నిమిషాలు అరుగు మీద కూర్చున్నాను. ఇది చదును వాకిలి, పరుపు మీద. నువ్వు వెళ్తానంటున్నది లంబసింగి, వంజంగి, అనంతగిరి ఘాట్. పొద్దున్న అయిదింటికి మంచులో, తడి మట్టి మీద, వాలులో పడితే ఎవర్ని పిలుస్తావు? మట్టి రోడ్డు మీద బండి పడడం తప్పు కాదు, అందరూ పడేస్తారు, నేనూ పడేశాను, మీ అమ్మ వెనక ఉండగా. పడ్డదాన్ని ఒక్కదానివే లేపుకోగలవా లేదా అన్నదే నా లెక్క.

ఇక పెందుర్తి బండి. హీరో వాళ్ల ఎక్స్‌పల్స్ 200, 2021ది, బీఎస్6, ఏపీ 39. పాడేరు వైపు వారానికోసారి వెళ్లొచ్చే మాస్టారిది. బరువు 155, 160 కిలోల మధ్య. నలభై కిలోలు తక్కువంటే దాదాపు ఒకటిన్నర బియ్యం బస్తా తక్కువ. ఎడమ వైపు గీతలున్నాయి, క్లచ్ లివరు కొంచెం వంగింది, ఎక్కడ పడ్డాడో ఎలా పడ్డాడో నేను అడక్క ముందే చెప్పాడు. వెళ్లే ముందు ఫోన్లో ఒకే మాట అడిగాను, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. వేడిగా ఉంటే మాత్రం అనుమానించాల్సిందే, చల్లటి ఇంజను దాచలేనివి వేడెక్కాక దాగిపోతాయి. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది, నీలం పొగ లేదు, టైమింగ్ చైన్ చప్పుడు లేదు, ట్యాపెట్లు కాస్త టిక్కుటిక్కుమంటున్నాయి, అది సెట్టింగు పనే.

ముందు బ్రేకు గట్టిగా పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపాను, టక్‌మని తగిలితే హ్యాండిల్ తిరిగే చోటి కోన్‌సెట్ వదులైనట్టు, తగల్లేదు. స్క్రూడ్రైవర్‌తో స్పోకులు ఒక్కొక్కటీ కొట్టి విన్నాను, గట్టిగా ఉన్నది టింగుమంటుంది, వదులైంది బొప్‌మంటుంది, వెనక చక్రంలో రెండు బొప్‌మన్నాయి. చైన్ సెట్ అయిపోయింది, స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగాయి. వెనక టైరు మీద 4022 అని ఉంది, అంటే 2022లో 40వ వారంలో తయారైందన్న మాట, పూలు కూడా అరిగాయి. ఈ రెండూ మనం మార్చుకోవాలి, ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన 92 వేలు చెప్పాడు, నేను 82 అన్నాను, అక్కడే ఆగింది. సింహాచలం కొండ మీదకి తోలి చూశాను, ఎక్కడా ఆయాసపడలేదు, దిగేటప్పుడు వెనక బ్రేకు కొంచెం మొద్దుగా ఉంది. అంత దూరం వెళ్లి అప్పన్నని చూడకుండా దిగొచ్చానని అమ్మ రెండు రోజులు సణిగింది.

దీనిలో లోపాలు లేవని కాదు. సీటు 823 మిల్లీమీటర్లు, హిమాలయన్ కన్నా ఎత్తు, నీకు ఒక కాలే పూర్తిగా ఆనుతుంది, రెండోది వేళ్ల మీదే. ఏబీఎస్ ముందు చక్రానికి మాత్రమే. హైవే మీద 80, 85 దాకా హాయిగా పోతుంది, ఆ పైన తోలితే వణుకు, అరుపు. ఇక్కడ హిమాలయనే మేలు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు రోజూ తిరిగేది గాజువాక నుంచి ఎన్ఏడీ, మద్దిలపాలెం మీదుగా మధురవాడ, అక్కడ 85 ఎవరు పోనిస్తారు? కేటీఎం 390 అడ్వెంచర్ గురించి మాత్రం మళ్లీ ఎత్తకు, సీటు 855, స్పేర్ పార్టుల ఖర్చు వేరే, బస్.

డబ్బుల లెక్క. నీ దగ్గర లక్షా అరవై. నువ్వు లక్షా నలభై అయిదు బండికే పోస్తానంటున్నావు. హెల్మెట్, గ్లవ్స్, చీలమండ దాకా కప్పే బూట్లు ఎక్కణ్నుంచి వస్తాయి? టైర్లు? ఇన్సూరెన్స్? 2019లో కొన్న బండికి అప్పట్లో అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి, ఒకేసారి కట్టించుకున్నారు, అది 2024లోనే అయిపోయింది, చాలామంది మళ్లీ కట్టనే లేదు, పైగా "నో క్లెయిమ్ బోనస్ ఉందండీ" అని నీకు ఆశ చూపిస్తారు, క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో తగ్గించే ఆ బోనస్ అమ్మినాయనతోనే పోతుంది, బండితో రాదు. ముప్ఫై అయిదు వేలు పక్కన పెట్టేశాకే బండి ధర మాట్లాడు. అందులో ఒక 21 అంగుళాల ట్యూబు కూడా కొను, ఇవి రెండూ ట్యూబు టైర్లే, ఆ సైజు ప్రతి పంక్చర్ షాపులో ఉండదు. ట్యూబు మార్చడం నేను నేర్పిస్తాను.

కాగితాల విషయంలో మాత్రం నా మీద నాకే నమ్మకం లేదు, ఎందుకంటే 1994లో ఒక బ్రోకర్ దగ్గర సెకండ్ హ్యాండ్ యెజ్డీ కొన్నాను, పాత ఓనరు సంతకం చేసిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి "అంతా అయిపోయినట్టే" అన్నాడు. సంతకం ఆఫీసులో ఉన్నదానితో కలవలేదు. ఓనరుకేమో రూర్కెలా ట్రాన్స్‌ఫరైంది. పెళ్లయిన కొత్తలో మీ అమ్మతో వెళ్లిన మొదటి దూర ప్రయాణం రూర్కెలా, ఒక సంతకం కోసం. అమ్మ ఇప్పటికీ దాన్ని హనీమూన్ అనే అంటుంది. అందుకని బండి పేరు మార్చే ఫారం 29, 30 ఓనరు మన కళ్లెదుట సంతకం చెయ్యాలి, ఆర్సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరుంటే అప్పు తీరిందని ఇచ్చే ఫారం 35, వాళ్ల ఎన్‌ఓసీ లేనిదే డబ్బు కదలదు, ఛాసిస్ నెంబరు హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టి ఉంటుంది, టార్చి వేసి ఆర్సీతో అంకె అంకె సరిచూడాలి, చలాన్లు ముందురోజు రాత్రే నెంబరు కొట్టి చూసుకోవాలి. మాస్టారి బండి మీద హెల్మెట్ చలాను ఒకటుంది. అడిగితే సిగ్గుపడ్డాడు.

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కు. శనివారం పెందుర్తి, మాస్టారికి మళ్లీ చెప్పి ఉంచాను స్టార్ట్ చెయ్యొద్దని. నువ్వు తోలి చూడు, నీకు నచ్చకపోతే నేను బలవంతం చెయ్యను, ఇంకోటి వెతుకుదాం, నాకేం పని ఉంది. ఆదివారం మన వీధి కుర్రాడు హిమాలయన్ ఇస్తానన్నాడు, పరుపు ఉంటేనే అని షరతు పెట్టాడు. అమ్మ ఆ పరుపు ఇంకా వాకిట్లోనే ఎండలో వేసి ఉంచింది, నువ్వొచ్చి బండి లేపేదాకా లోపలికి తీయనంటోంది.

నాన్న