బాబాయ్ మాత్ర, చేలో తుంగ

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. ఫోన్లో చెప్తే సగం నీకు అర్థం కాదు, సగం నేను మర్చిపోతా, అందుకే నైట్ డ్యూటీలో ల్యాబ్ ఖాళీగా ఉంది కదా అని రాస్తున్నా, తీరిగ్గా చదువుకో. బాబాయ్ అడిగేదేంటి, తన బ్లడ్ క్యాన్సర్ (సీఎంఎల్) జాడ వెతికే పీసీఆర్ టెస్టులో ఏడాదిగా ఏమీ లేదంటున్నారుగా, ఇంకా దానికిచ్చే ఈ ఇమాటినిబ్ మాత్ర దేనికి, ఇన్నేళ్ళు మింగితే ఒంటికి అలవాటైపోయి రేపు అసలు అవసరానికి పని చెయ్యదేమో అని. ఇందులో రెండు భయాలు కలగలిసిపోయాయిరా, విడదీసి చెప్తా.

ముందు ఆ "ఒంటికి అలవాటు" సంగతి. మా అమ్మ కూడా ఇదే అంటది. యాంటీబయాటిక్ అయినా బాబాయ్ మాత్ర అయినా ఇక్కడ కథ ఒంటిది కాదు, లోపలున్న సూక్ష్మజీవులది, క్యాన్సర్ కణాలది. అవి కూడా మనం కారానికి అలవాటు పడ్డట్టు రోజూ కొంచెం కొంచెం పడవు. కోట్లలో ఉంటాయి కదా, ఏ ఒక్కదాని జీన్‌లోనో ఒక తప్పు దొర్లి ఉంటది, మందొచ్చి మిగతావాటిని ఊడ్చేశాక చేనంతా దానిదే. పత్తిలో గులాబీ పురుగు చూశావుగా, బీటీ విత్తనాన్ని మొదట్లో ముట్టలేకపోయేది, ఇప్పుడు కాయలో కూర్చుని తింటోంది, అదీ లెక్క. బాబాయ్ జబ్బులో అలాంటి తప్పుల్లో మహా మొండిది టీ315ఐ అని ఒకటుంది. ఈ జబ్బుకి మూలమైన ప్రోటీన్‌లో 315వ చోట థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది పోయి ఐసోల్యూసిన్ అనే ఇంకోటి వచ్చి కూర్చుంటది, అంతే, మాత్ర దూరాల్సిన సందు మూసుకుపోద్ది. డోసు పెంచినా దండగే, మందు మార్చాలి, 2012లో వచ్చిన పోనాటినిబ్ దానిమీద పనిచేస్తుంది. దీన్ని రెసిస్టెన్స్ అంటారు, బాబాయ్ రిపోర్టుల్లో దీని జాడేం లేదు.

రెండోది టాలరెన్స్, అంటే జీన్ మారకుండానే మందు పోయేదాకా పడుకుని బతికెయ్యడం, బాబాయ్‌కి సంబంధించింది ఇదే. దీనికి తుంగ కంటే మంచి ఉదాహరణ నాకు తట్టలేదు. గడ్డిమందు కొడితే పైన ఆకు మాడిపోద్ది, కొన్నాళ్ళకి మళ్ళీ సూదిలా లేస్తది. ఆ కొత్త మొలక మీద అదే మందు కొట్టు, అదీ మాడుద్ది. అంటే మందంటే లెక్కలేక కాదు, కింద గడ్డ నిద్రపోతోంది, మందు దానిదాకా పోలేదు, అంతే.

1944లో జోసెఫ్ బిగ్గర్ అనే ఐరిష్ డాక్టర్ పెన్సిలిన్‌తో ఇదే చూశాడు. చీము పుట్టించే స్టాఫ్ బ్యాక్టీరియాలో దాదాపు పది లక్షల్లో ఒకటి మిగిలిపోయేది, దాన్ని మళ్ళీ పెంచితే పిల్లలన్నీ పెన్సిలిన్‌కి మామూలుగానే చచ్చేవి. పెన్సిలిన్ దెబ్బకొట్టేది కణం గోడ కట్టుకునేటప్పుడు, పని మానేసి పడుకున్నదాన్ని అదేం చేస్తది చెప్పు!

మా ల్యాబ్‌లో రోజూ ప్లేటు మీద సూక్ష్మజీవుల్ని దూదిపుల్లతో అలికి మందు డిస్కులు పెడతాం, తెల్లారేసరికి డిస్కు చుట్టూ అద్దంలా ఖాళీ వలయం వస్తే స్కేలుతో మిల్లీమీటర్లు కొలిచి పనిచేస్తుంది అని రాసేస్తాం. అక్కడ పెరగలేదని తెలుస్తది గానీ చచ్చాయో లేదో తెలీదు. 2017లో జెరూసలేంలో నతాలీ బాలబాన్ టీం భలే పని చేసింది, ఆ మందు డిస్కు తీసేసి అదే చోట గ్లూకోజ్ డిస్కు పెట్టారు. ఖాళీ అనుకున్న వలయంలో చుక్కలు చుక్కలుగా కాలనీలు లేచాయి! అది చదివాక నేను రాసిచ్చిన రిపోర్టులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయిరా.

క్యాన్సర్ కణాలదీ ఇదే తంతు. 2010లో అమెరికాలో ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల మీద ఎర్లోటినిబ్ లాంటి మందుని, సగం కణాల్ని ఆపడానికి సరిపోయే డోసుకి వంద రెట్లు పోశారు. వెయ్యిలో మూడు దాకా మిగిలాయి, చాలావరకు కదలకుండా పడున్నాయి, మందు తీసేస్తే మళ్ళీ పెరిగాయి, పెరిగినవి మళ్ళీ అదే మందుకి లొంగాయి. జీన్ మారలేదు, జీన్లుండే డీఎన్ఏ చుట్టలు బిగుసుకోవడం వదులవడం మారిందంతే.

ఇప్పుడు బాబాయ్ దగ్గరికి. పీసీఆర్ మామూలుగా లక్షలో ఒక కణం దాకా పట్టుకుంటది, "ఏమీ లేదు" అంటే అంతకన్నా తక్కువున్నాయని అర్థం, మూలుగలో పడుకున్నవి ఉండొచ్చు. ఫ్రాన్సులో రెండేళ్ళకి పైగా ఏమీ కనపడని 100 మందికి మాత్ర ఆపి చూశారు, ఏడాదైనా గమనించిన 69 మందిలో 42 మందికి తిరిగొచ్చింది, ఎక్కువమందికి ఆర్నెల్లలోపే. కానీ చూడు, మళ్ళీ అదే ఇమాటినిబ్ మొదలెడితే పనిచేసింది. తుంగ మొలకే కదా! మిగతావాళ్ళు మాత్ర లేకుండానే ఉన్నారు, కాబట్టి ఎప్పటికీ ఆపకూడదని కాదు, ఆపితే డాక్టరే ఆపించాలి, ఆపాక నెలనెలా పీసీఆర్ చేయించాలి. ఏడాదికే మనంతట మనం ఆపేసే పని మాత్రం కాదు, మధ్యలో రెండ్రోజులకోసారి మానెయ్యడం అయితే అసలే వద్దు. మానేస్తున్నాడేమో అని నాకు డౌటు, స్ట్రిప్పులు లెక్కపెట్టు.

పాత పీసీఆర్ రిపోర్టులు తేదీల వరసలో ఫోటోలు తీసి పంపు. బాబాయ్‌కి జీన్లూ గీన్లూ చెప్పకు, మెట్ట చేలో తుంగ ఎన్నేళ్ళు పీకించాడో అడుగు చాలు. ఇంక్యుబేటర్ మోగుతోంది, ఉంటా.

నీ
రాజుగాడు