పాట వెనుక చేతులకు పేరేదీ?

సంపాదకుడు గారికి నమస్కారం.

నలుగురు కూర్చున్న చోటల్లా ఒకటే మాట వినిపిస్తోంది: ఇప్పటి సినిమా పాటల్లో సంగీతం లేదు, పాడేవారికి శ్రుతి తెలియదు అని. ముప్పయ్యేళ్లు పిల్లలకు వయొలిన్ నేర్పినవాడిగా ఈ మాటలో సగాన్ని నేను ఒప్పుకోలేను. 1996లో బాలసుబ్రహ్మణ్యం గారి సారథ్యంలో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచి చూస్తున్నాను, పదేళ్ల పిల్లలు సైతం పాటలోని కష్టమైన సంగతులను, అంటే స్వరాల మలుపులను, అలవోకగా పలికిస్తున్నారు. పైగా మనం పాత పాటలు అంటున్నవి కాలం జల్లెడ పట్టగా మిగిలినవి మాత్రమే. ఆనాటి చప్పని పాటలు ఎవరికి గుర్తున్నాయి?

తరిగిపోయింది కలిసి వాయించడం. ఘంటసాల గారి రోజుల్లో గాయకుడు, వాద్యబృందం ఒకే రికార్డింగ్ థియేటర్‌లో కూర్చుని ఒకేసారి రికార్డు చేసేవారు. ఎవరి వయొలిన్ కమాను తడబడినా అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే అన్ని రిహార్సల్సు, పక్కవాడి వాయిద్యం మీద అంత ధ్యాస. ఇప్పుడు గాయని ఒక ఊళ్లో పాడుతుంది, వేణువు మరో ఊళ్లో పలుకుతుంది, పాతిక వయొలిన్లు కీబోర్డులోంచి వస్తాయి. శ్రుతి తప్పితే తరువాత దిద్దడానికి 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. చిన్న నిర్మాతకు ఇవి వరమే, కాదనను. కానీ ఆ పాతిక మంది ఏమయ్యారు?

నా శిష్యుల్లో ఒకడు కర్ణాటక సంగీతంలోని వర్ణం అనే రచనను మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, తొణకకుండా వాయించేవాడు. చెన్నై, హైదరాబాద్ తిరిగి తిరిగి ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి, తీగలు తుప్పు పట్టాయి మాస్టారూ అని తల దించుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2023లో ‘నాటు నాటు’ ఆస్కార్ గెలిచినప్పుడు కీరవాణి, చంద్రబోస్ గార్ల పేర్లు ఊరూరా మారుమోగాయి. గర్వంతో నా కళ్లు చెమ్మగిల్లాయి. మనల్ని కుర్చీల్లోంచి లేపిన ఆ దరువు ఎవరి చేతులదో మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

నిర్మాతలకు నా విన్నపం ఒక్కటే. సినిమా టైటిల్స్‌లోనూ, పాటలు వినిపించే యాప్‌లలోనూ ప్రతి పాటకూ వాద్య కళాకారుల పేర్లు వేయండి. దీనికి పైసా ఖర్చు కాదు. ఆకాశవాణి కూడా ఖాళీ అయిన నిలయ విద్వాంసుల (ఉద్యోగంలో ఉండే వాద్య, గాత్ర కళాకారుల) స్థానాలను భర్తీ చేయాలి. ఘంటసాల గారు చదువుకున్న మా ఊరి సంగీత కళాశాలలో ఈ రోజుకూ పిల్లలు వయొలిన్, మృదంగం పట్టుకుంటున్నారు. చదువు పూర్తయ్యాక వాళ్లు ఏ గుమ్మం తట్టాలో ఎవరైనా చెప్పాలి.

— ఒక విశ్రాంత వయొలిన్ ఉపాధ్యాయుడు, విజయనగరం