ఆరోగ్య శాఖ మంత్రి గారికి: సెప్సిస్ పేషంటుకి మొదటి డోసు క్యాజువాలిటీలోనే పడాలి

నమస్కారం సార్. మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు. ఒంట్లో బాగా తేడా చేస్తే మేం నెల్లూరు పోవాల్సిందే, వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది, సగం టైం దారిలోనే అయిపోతుంది. ఆసుపత్రి గుమ్మం దాటినాక కూడా ఇంకా లేటు చేస్తే ఎట్లా సార్?

సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒంట్లో అవయవాలు దెబ్బతినడం. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్న సెప్సిస్ పేషంటుకి గంటలోపు యాంటీబయోటిక్ వెయ్యాలని 2021 అంతర్జాతీయ గైడ్‌లైన్సే చెప్తున్నాయి. షాక్ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే అవునో కాదో తొందరగా చూసి, అనుమానం పోకపోతే 3 గంటల్లోపు మందు వెయ్యాలి. 2017లో ప్రపంచం మొత్తమ్మీద సెప్సిస్‌తో దాదాపు కోటీ పది లక్షల మంది పోయారని అంచనా, అయినా మా ఊళ్ళల్లో దీని పేరు తెలిసినోళ్ళు చానా తక్కువ.

మా పెద్దమ్మకి షుగరు, కాలి పుండుతో మొదలైంది. ఒక ఆసుపత్రికి తీసకపోయేసరికి చేతులు చల్లబడి, ఆయాసంతో ఏదేదో మాట్లాడతా ఉంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మమ్మల్ని ఓపీ చీటీకి పంపారు, తర్వాత రక్తం ట్యూబు మా చేతికే ఇచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నారు, ఇంజెక్షన్ మాత్రం వార్డుకి మార్చినాకే అన్నారు, వార్డులో చూస్తే బెడ్డు లేదు. బతికింది గానీ ఇప్పుడు డయాలసిస్ మీద ఉంది. సిస్టర్ తప్పని నేను అనను, ఒక్కతే అంతమందిని ఎట్లా చూస్తుంది, పైగా డాక్టర్ రాసిందాకా ఆమె మందు ముట్టకూడదు.

అందుకే అడిగేది, రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వండి సార్. ఇన్ఫెక్షన్ అనుమానం ఉండి బీపీ పడిపోయినా, ఊపిరి వేగం పెరిగినా, మనిషి మత్తుగా ఉన్నా చీటీతో పనిలేకుండా డ్యూటీ డాక్టర్‌ని అక్కడికే పిలిపించి, కల్చర్‌కి (ఏ క్రిమో తేల్చే పరీక్షకి) రక్తం తీసి, సెలైన్, యాంటీబయోటిక్ క్యాజువాలిటీలోనే మొదలుపెట్టాలి. కల్చర్ తీయడం లేటవుతుందని మందు ఆపకూడదు. మందులు ఆ గదిలోనే ఉండాలి, డాక్సీసైక్లిన్‌తో సహా, ఎందుకంటే స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) అయితే మామూలుగా వేసే సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదు. 108 వాళ్ళు దారిలోనే ఫోన్ చేసి బీపీ చెప్తే ఇక్కడ సిద్ధంగా ఉండొచ్చు.

గుండెపోటుకి రక్తం గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ప్రభుత్వాసుపత్రుల్లో ఫ్రీగా వేసే ఏర్పాటు మన రాష్ట్రంలోనే చేశారు కదా, అంత ఖరీదైన ఇంజెక్షనే ఇవ్వగలిగినప్పుడు ఇది ఎందుకు చెయ్యలేం? పేషంటు వచ్చిన టైం, మొదటి డోసు పడిన టైం రిజిస్టర్‌లో పక్కపక్కనే రాయించండి, నెలనెలా ఆ లెక్క మీరే తెప్పించుకుని చూడండి.

ఇట్లు,
ఉదయగిరి వైపు నించి ఒక పేషంటు బంధువు