స్టేషన్ మూసేముందు అటక మీది రిజిస్టర్లు చూడండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

అగ్నిమాపక సేవల మంత్రి గారికి,

నమస్కారం.

చిన్న ఊళ్ల స్వచ్ఛంద అగ్నిమాపక దళాలను పెద్ద స్టేషన్లలో కలిపేటప్పుడు గది ఖాళీ చేసే పని ఎప్పుడూ హడావిడిగానే జరుగుతుంది. ఇంజన్, కొత్త హోసులు, రేడియోలు లెక్క రాసుకుని తీసుకెళ్తారు. పాత రిజిస్టర్లు, వేర్వేరు కొలతల గొట్టాలను కలిపే అడాప్టర్ల డబ్బా, మూలన పడున్న చేతి పంపు తుక్కు కింద పోతాయి. ఆ తుక్కులో రేపటి మంటకు పనికొచ్చే సమాచారం ఉందని చెప్పడానికే ఈ లేఖ.

ముందు కాల్ రిజిస్టర్ సంగతి. కబురందిన వేళ, బయల్దేరిన వేళ, ఎంతమంది వచ్చారు, ఎన్ని హోసులు పరిచారు, నీళ్లు ఎక్కణ్ణుంచి తోడారు అన్నవి శ్రద్ధగల దళాలు రాసిపెట్టేవి. వీటిలో ఆ చివరి గడికే మేం ఎక్కువ విలువిస్తాం. ఏ చెరువు ఎండల్లో అడుగంటింది, ఏ బావి దగ్గరికి ఇంజన్ పోలేకపోయింది అన్నది అక్కడే దొరుకుతుంది. ఎంత గొప్ప పంపయినా కింద ఉన్న నీటిని 10.3 మీటర్లకు మించి పీల్చలేదు, ఎందుకంటే నీటిని పైకి నెట్టేది గాలి పీడనమే. వాడకంలో 7 మీటర్లు దాటితే నమ్మకం తక్కువ. నీళ్లు పీల్చే సక్షన్ గొట్టం అతుకులో కాస్త గాలి దూరినా అదీ అందదు. అందుకే ‘నీళ్లున్నాయి, పంపుకు అందలేదు’ అని ఎవరో రాసిన ఒక్క ముక్క ఉంటే కొత్త సర్వే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

సభ్యుల పట్టీని చాలామంది తప్పుగా చదువుతారు. ఒక్క పంపుకు అరవై పేర్లు కనిపిస్తే, హోదా కోసం చేరినవాళ్లే ఎక్కువని తేల్చేస్తారు. లెక్క వేసి చూడండి. చేతి పంపు మీట కొట్టే మనిషి కొద్ది నిమిషాలపాటు 150 వాట్లు ఇవ్వగలడనుకుందాం. ఇరవై మంది కలిస్తే 3 కిలోవాట్లు. 5 బార్ పీడనంతో కొడితే, నష్టాలేమీ లేవనుకున్నా, నిమిషానికి 360 లీటర్లు మాత్రమే. చేతులు పడిపోయేలోగా రెండో జట్టు మీట అందుకోవాలి. పంపు తొట్టి నింపడానికి బకెట్ల వరసలు రెండు, నిండువి ఇటు, ఖాళీవి అటు. హోసు పట్టేవాళ్లు వేరే. అరవై మందీ పనివాళ్లే. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మొదలైనవాళ్లు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెట్టిన యూనియన్ ఫైర్ కంపెనీలో తోలు బకెట్లు, సామాను మోసే సంచులు సభ్యులే సమకూర్చుకోవాల్సి వచ్చేది. ఆవిరి పంపు వచ్చాక ఇంత బలగం అక్కర్లేకపోయింది. 1853లో అక్కడి సిన్సినాటి నగరం ఆవిరి ఇంజన్‌తోపాటే జీతాల దళానికి మారింది. కాబట్టి పట్టీలో పేర్లు ఒక్కసారిగా తగ్గిన చోట పంపు మారిందేమోనని కొనుగోలు పద్దులు కూడా వెతకాలి.

తేదీల విషయంలో స్టేషన్ గోడ మీది బోర్డును నమ్మకండి. మొదటి సమావేశం, దళం నమోదు, పంపు రాక మూడూ వేర్వేరు సంవత్సరాల్లో జరిగి ఉండొచ్చు. బోర్డుకెక్కేది వాటిలో పాతది. పంపు మీది ఇత్తడి రేకులో ఉన్నది కూడా చాలాసార్లు పేటెంటు ఏడాదే, తయారైన ఏడాది కాదు.

అడాప్టర్ల డబ్బా మీద తొందరపడొద్దు. 1904లో బాల్టిమోర్ తగలబడుతుంటే పక్క నగరాల నుంచి దళాలు రైళ్ల మీద వచ్చాయి, కానీ వాటి హోసు కప్లింగులు (హోసు చివర బిగింపులు) చాలావరకు అక్కడి హైడ్రెంట్లకు, అంటే మంటలార్పే నీళ్ల కోసం వీధుల్లో పెట్టిన కొళాయిలకు, పట్టలేదు. మరచుట్లు వేరు. ఆ తర్వాతే అమెరికాలో రెండున్నర అంగుళాల హోసుకు అంగుళానికి ఏడున్నర చుట్ల ప్రమాణం వచ్చింది. పాత హైడ్రెంట్లు ఇంకా వాడుకలో ఉన్న ఊళ్లో ప్రతిదాని బయటి వ్యాసం, అంగుళానికి చుట్లు కొలిచి, కొత్త కప్లింగ్ బిగించి, నీళ్లు వదిలి చూడాలి. చేతితో రెండు చుట్లు ఎక్కినంత మాత్రాన పట్టినట్టు కాదు, పీడనం పెరిగితే ఊడొస్తుంది.

కొన్నిటిని మాత్రం తెలిసినవాళ్లు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. మంట మీదికి విసిరేందుకు ఎర్రద్రవమో రంగులేని ద్రవమో నింపిన పాత గాజు బుడ్లలో కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉండొచ్చు. అది విషం, వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. తలకిందులు చేసి మంటలార్పడానికి వాడే సోడా-యాసిడ్ సిలిండర్లు లోపల తుప్పుపట్టి ఉంటే పగిలిపోగలవు. పాత చేతితొడుగులు, దుప్పట్లలో ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ నార ఉండొచ్చు, దులపకూడదు.

ఇక భద్రపరచడం పేరుతో జరిగే నష్టం. రిజిస్టర్ పేజీలకు లామినేషన్ వద్దు, సెల్లోటేప్ అంతకన్నా వద్దు, దాని జిగురు పసుపెక్కి సిరాను తినేస్తుంది. అట్ట విరిగేలా తెరిచి నొక్కకుండా, ఖాళీ పేజీలతో సహా 400 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేయించండి, పెన్సిల్ రాతలు నలుపు-తెలుపు స్కాన్‌లో మాయమవుతాయి. రివెట్లు కొట్టిన తోలు గొట్టం దొరికితే విప్పి సాగదీయొద్దు, నూనె పూయొద్దు. ఎర్రటి పొడి రాలుతుంటే ఆ తోలు లోపలే కుళ్లుతున్నట్టు. పంపుకు కొత్త రంగు వేయిస్తే కింద ఉన్న పాత దళం పేరు, నంబరు పోతాయి.

మేం కోరేది ఒక్క ఉత్తర్వు. విలీనం ఫైలు మీద సంతకం పడేముందు రిజిస్టర్ల స్కాన్, హైడ్రెంట్ల మరచుట్ల కొలతల పట్టిక, నీటి వనరుల పటం జతపరచాలి. పటంలో ప్రతి వనరుకూ ఎండాకాలపు నీటిమట్టం, ఇంజన్ నిలిచే చోటు నుంచి లోతు, దారి వెడల్పు ఉండాలి. అసలు రిజిస్టర్లు ఊళ్లోనే గ్రంథాలయానికి ఇచ్చి, నకలు కొత్త స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో పెట్టించండి. వీటిని సరిచూడటానికి పాత పంపు ఆపరేటర్‌ను ఒక్కరోజు పిలిపించండి.

ఇట్లు,
స్వచ్ఛంద అగ్నిమాపక దళాల రికార్డులు, పరికరాల మీద పనిచేసేవాళ్లం