మా రెండో కాన్పుకు తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

మాకు పాప పుట్టింది. నార్మల్ డెలివరీ. ఇద్దరం క్షేమంగా ఇంటికొచ్చాం.

బాబు అప్పుడు ఎదురుకాళ్లతో ఉన్నాడని సిజేరియన్ చేశారు. ఒకసారి ఆపరేషన్ అయితే రెండోసారీ ఆపరేషనే అని అందరూ అన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే మన తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లు. అందుకే ఈసారి ముహూర్తం పెట్టించారా అనే అడిగేవాళ్లు.

ఈసారి నార్మల్‌కు ప్రయత్నిస్తానంటే మా డాక్టరమ్మ మాత్రం అవుననీ కాదనీ అనకుండా ముందు పాత ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు. గర్భసంచి మీద కోత ఎలా పెట్టారో పైన మచ్చను చూస్తే తెలియదట. కింది భాగంలో అడ్డంగా ఉంటే ప్రయత్నించొచ్చు, పైభాగంలో నిలువుగా ఉంటే వద్దు. ఆ కాగితం మా దగ్గర లేదు. పాత ఆస్పత్రి రికార్డు రూములో ఒక అన్న ఫైళ్ల కట్టలన్నీ విప్పి వెతికి, జిరాక్స్ తీసి ఇచ్చాడు. అన్నా, నువ్వు విసుక్కోకుండా వెతికావు కాబట్టే మాకు దారి దొరికింది.

కోత అడ్డంగానే ఉంది. కాన్పుల మధ్య ఎడమూ సరిపోయింది, పాప తల కిందికే ఉంది. అయినా డాక్టరమ్మ మాటివ్వలేదు. ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుందని, సుమారు 200 మందిలో ఒకరికి పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంటుందని, అప్పుడు తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణం మీదికి వస్తుందని మా ఆయననూ అత్తమ్మనూ కూర్చోబెట్టి చెప్పారు. "అవసరం పడితే ఆపరేషన్‌కు ఆలస్యం చెయ్యరు కదా?" అని అత్తమ్మ ఒక్కటే అడిగింది. ఆలస్యం చెయ్యబోమని డాక్టరమ్మ చెప్పాక ఒప్పుకుంది. అత్తమ్మా, భయం ఉండి కూడా నా ఇష్టానికి అడ్డురాలేదు నువ్వు.

ఇక మా మిడ్‌వైఫ్ అక్క. నొప్పులు పడ్డంతసేపూ పాప గుండె చప్పుడు చూసే మానిటర్‌ను వదల్లేదు. నడుము రుద్దుతూనే, నొప్పి తగ్గాక కూడా కుట్టు దగ్గర నొప్పిగా ఉందా అని మళ్లీ మళ్లీ అడిగేది. నా వల్ల కాదు, కోసెయ్యండి అని ఏడిస్తే కసరలేదు. "కావాలంటే ఇప్పుడే డాక్టరమ్మను పిలుస్తా. ఒక్కసారి చూడనీ" అంది. చూసి, పాప తల దగ్గరికొచ్చేసిందని చెప్పింది. ఆ మాటతో నాకెంత బలం వచ్చిందో చెప్పలేను.

నాలాగే అనుకుంటున్న అక్కచెల్లెళ్లు ముందు పాత ఆపరేషన్ నోట్స్ తెచ్చుకోండి. వెంటనే సిజేరియన్ చేసే ఏర్పాటు లేని చోట మాత్రం ప్రయత్నించకండి.

మత్తు డాక్టరుగారికి, థియేటర్ సిబ్బందికి, రక్తం సిద్ధంగా ఉంచిన బ్లడ్ బ్యాంకు వాళ్లకు: మీ అవసరం రాలేదు, నన్ను మీరు చూడను కూడా లేదు. మీరు సిద్ధంగా ఉన్నారన్న ధైర్యంతోనే నేను లేబర్ రూములోకి వెళ్లాను. మీ అందరికీ మా ఇంటిల్లిపాదీ దండాలు.